మన్రో దొర, మన బారామహల్, సైన్యాలు తెచ్చిన కరువు

రాయలసీమలో మన్రో దొర పేరు వినని పెద్దవాళ్లు తక్కువ. మంత్రాలయం రాఘవేంద్రస్వామి ఆయనకు కనిపించాడని ఒక కథ. గండి ఆంజనేయస్వామి దగ్గర బంగారు తోరణం చూశాడని ఇంకో కథ. అభిమానం కొద్దీ అక్కడివాళ్లు పిల్లలకు మన్రోలప్ప అని పేర్లు కూడా పెట్టుకున్నారు. అయితే ఆ దొర పాలన ఓనమాలు దిద్దుకున్నది మన నేల మీద. ఈ సంగతి హోసూరు, కృష్ణగిరి తెలుగువాళ్లలోనే చాలామందికి తెలియదు. 1792 నుంచి 1799 దాకా ఏడేళ్లు ఆయన ధర్మపురి కేంద్రంగా బారామహల్‌లో పనిచేశాడు. కడప, అనంతపురం, బళ్లారి అన్నీ ఆ తర్వాతే. ఆంధ్రలో రాసే పుస్తకాలు ఆయన కథను దత్తమండలాల దగ్గర మొదలుపెడతాయి. చెన్నైలో రాసేవి గవర్నరు పదవి దగ్గర మొదలుపెడతాయి. రెండింటి మధ్య మన ఊళ్లు జారిపోతాయి. మన గురించి రాసేటప్పుడు ఇది మామూలే అనుకోండి. అందుకని మేం ఇక్కడ మన ఏడేళ్ల గురించి, వాటికి దారితీసిన యుద్ధాల గురించి కొంచెం ఎక్కువగా చెప్తాం. అందులోనూ ముఖ్యంగా ఆకలి గురించి.

కరువంటే వాన మొహం చాటేయడమే అని మనకు అలవాటు. మన్రో ఈ దేశంలో అడుగుపెట్టిన ఏడాదే చూసిన కరువు అలాంటిది కాదు. అది మనుషులు ఆలోచించి, లెక్కవేసి తెచ్చిన కరువు.

థామస్ మన్రో 1761 మే 27న స్కాట్లండులోని గ్లాస్గోలో పుట్టాడు. తండ్రి అలెగ్జాండర్ మన్రో అమెరికాలోని వర్జీనియాతో పొగాకు వ్యాపారం చేసేవాడు. చిన్నతనంలో వచ్చిన తట్టు వల్ల కొడుకుకి చెవుడు మిగిలింది. చదువులో చురుకు, పుస్తకాల పిచ్చి. డాన్ కిహోటే నవలను అసలు భాషలో చదవాలని స్పానిష్ నేర్చుకున్నాడట. ఇంతలో అమెరికా స్వాతంత్ర్య యుద్ధం వచ్చి తండ్రి వ్యాపారం కూలిపోయింది. కుటుంబం అప్పుల్లో పడింది. కొడుకు ఈస్టిండియా కంపెనీ సైన్యంలో క్యాడెట్‌గా చేరి 1780 జనవరిలో మద్రాసులో దిగాడు. అప్పటికి ఆయన వయసు 18. దివాలా తీసిన ఇంటి నుంచి వచ్చిన ఈ కుర్రాడు తర్వాత చాలా ఏళ్లు జీతంలో మిగిల్చి ఇంటికి పంపాడు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. రైతు బాకీ గురించి ఆయన రాసిన దాంట్లో అప్పుల ఇంట్లో పెరిగినవాడి ఆలోచన కనిపిస్తుందని మాకు అనిపిస్తుంది.

ఆయన దిగిన ఆరు నెలలకే హైదర్ అలీ కనుమలు దిగాడు. ఆ దారి మనకు కొత్తది కాదు. ఊత్తంగరై, సింగారపేట దాటి తిరువణ్ణామలై వెళ్లే బస్సు దిగే చెంగం కనుమే అది. 1780 జూలైలో హైదర్ సైన్యం ఆ కనుమ గుండా ఆర్కాటు నవాబు రాజ్యం మీద పడింది. దాదాపు 80 వేల నుంచి 90 వేల మంది అని లెక్క. దిగగానే కోటలు పట్టడం కన్నా ముందు వాళ్లు చేసిన పని ఊళ్లు తగలబెట్టడం. మద్రాసు చుట్టూ, వేలూరు చుట్టూ ఉన్న పల్లెలను వరుసగా కాల్చారు. పైర్లు, గడ్డివాములు, ధాన్యం, ఇళ్లు అన్నీ బూడిదయ్యాయి. పశువులను తోలుకుపోయారు, జనాన్ని తరిమారు. ఇది కోపంతో చేసిన పని అనుకుంటే పొరపాటు. కంపెనీ సైన్యం బలం తుపాకుల్లో ఉంది. బలహీనత బియ్యంలో, ఎడ్లలో ఉంది. హైదర్ దెబ్బ కొట్టింది అక్కడే.

దెబ్బ సరిగ్గా తగిలింది. మన్రో అప్పుడు జనరల్ హెక్టర్ మన్రో దళంలో ఉన్నాడు (ఇంటిపేరు ఒకటే, బంధుత్వం లేదు). ఆ దళం కాంచీపురం చేరేసరికి తినడానికి సరిపడా లేదు. కదలాలంటే బండ్లకు ఎడ్లు లేవు, మోసుకుపోవడానికి ధాన్యం లేదు. కొన్ని మైళ్ల అవతల పొల్లిలూరు దగ్గర కర్నల్ బెయిలీ దళం 1780 సెప్టెంబరు 10న నాశనమైంది. హెక్టర్ మన్రో పెద్ద ఫిరంగులను కాంచీపురం గుడి కోనేట్లోకి తోయించి చెంగల్పట్టు మీదుగా మద్రాసుకు వెనక్కి పరిగెత్తాడు. 19 ఏళ్ల కుర్ర అధికారి ఆ దారి పొడవునా ఆకలితో నడిచాడు. ఆ తర్వాత సర్ ఐర్ కూట్ కింద ఆయన చేసిన యుద్ధమంతా ఇదే తీరు. గెలిచినా ముందుకు వెళ్లలేరు, ఎందుకంటే సముద్రం ఒడ్డు వదిలితే తిండి లేదు.

సైన్యాల సంగతి అలా ఉంటే పల్లె జనం సంగతి ఇంకా దారుణం. ఊళ్లు వదిలినవాళ్లంతా మద్రాసు చేరారు. 1781, 1782లలో నగరంలోనే కరువు పుట్టింది. ధాన్యం బెంగాల్ నుంచి ఓడల్లో రావాలి. అప్పుడు గంజి పోయడానికి పెట్టినదే 1782 నాటి మణెగారు సత్రం. తర్వాత అందులోంచే స్టాన్లీ ఆసుపత్రి పుట్టింది. ఈరోజు మన హోసూరు నుంచి వైద్యానికి అక్కడికి వెళ్లేవాళ్లలో ఆ ఆసుపత్రి మూలం ఒక గంజి కేంద్రమని ఎంతమందికి తెలుసు? లండన్ పార్లమెంటులో ఎడ్మండ్ బర్క్ 1785లో ఆర్కాటు నవాబు అప్పుల మీద చేసిన పెద్ద ప్రసంగంలో హైదర్ తెచ్చిన ఈ నాశనాన్ని వర్ణించాడు. అయితే ఆయన తప్పంతా హైదర్ మీద వేయలేదు. నవాబునూ, అతనికి అప్పులిచ్చి దేశాన్ని పిండిన కంపెనీ మనుషులనూ కూడా బోనులో నిలబెట్టాడు.

హైదర్, టిప్పుల మాట వస్తే మన దగ్గర రెండు గుంపులు తయారవుతాయి. ఒకరికి వీరులు, ఒకరికి విలన్లు. మేం ఆ తగాదాలోకి వెళ్లం. కానీ ఆకలిని ఆయుధం చేసుకోవడం ఒక్క మైసూరు పనే అంటే మాత్రం ఒప్పుకోం. అంతకు పన్నెండేళ్ల ముందు మన కృష్ణగిరిలోనే కంపెనీ అదే పని చేసింది. బారామహల్ అప్పటికి కొద్దికాలం కిందటిదాకా కడప నవాబులది. మన ప్రాంతంలో తెలుగు ఇంత లోతుగా పాతుకోవడానికి ఉన్న కారణాల్లో అదీ ఒకటి. 1760 ప్రాంతంలో హైదర్ దాన్ని తీసుకున్నాడు. 1767లో మొదటి మైసూరు యుద్ధం రాగానే కంపెనీ సైన్యం కృష్ణగిరి కొండ కోట మీదికి వచ్చి ఎక్కలేక దెబ్బతిని దిగింది. ఆ నిలువు బండను చూసినవాళ్లకు ఎందుకో చెప్పనక్కర్లేదు. ఎక్కలేమని తెలిశాక దారులు మూసి కింద కూర్చుంది. 1768లో కోట లొంగింది. మరుసటి ఏడాది మద్రాసు సంధిలో కోట మళ్లీ హైదర్‌కే వెళ్లింది. మధ్యలో కింద ఉన్న పేటలో, చుట్టుపక్కల పల్లెల్లో ఎవరి గింజలు ఎవరు తిన్నారో ఏ సంధి కాగితంలోనూ ఉండదు.

1784లో శాంతి వచ్చింది. మన్రో హిందుస్తానీ, పార్సీ నేర్చుకున్నాడు. 1788లో ఆంబూరులో కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్ దగ్గర గూఢచారి శాఖలో సహాయకుడయ్యాడు. మైసూరు లోపలి సమాచారం రాబట్టడం అక్కడి పని. ఏ కోటలో ఎంతమంది ఉన్నారన్నది ఎంత ముఖ్యమో, ఏ దారిలో మేత దొరుకుతుందన్నది అంతే ముఖ్యం. ఆ కాలంలోనే సోదరికి రాసిన ఒక ఉత్తరంలో, ఇండియాలో దొరలంతా విలాసంగా బతుకుతారనుకోవద్దని, తన తలగడ కూడా సరైంది కాదని వాపోయాడు. రీడ్ మన కథలో పెద్ద మనిషి. సైన్యానికి తిండి సమకూర్చడంలో అతని అంత నేర్పరి కంపెనీలో లేడు. ఎడ్ల మందలతో ధాన్యం మోసే లంబాడీ వ్యాపారులను కూడగట్టడం అతని పని. ఏ సైన్యం వైపు లంబాడీల ఎడ్లు తిరిగితే గెలుపు అటు తిరిగేది. ఇన్ని చరిత్రలు రాసినవాళ్లు ఆ లంబాడీ నాయకుల పేర్లు రాయడానికి ఒక పేజీ కేటాయించకపోవడం మాకు బాధగానే ఉంటుంది.

1790లో మూడో మైసూరు యుద్ధం మొదలైంది. గవర్నర్ జనరల్ కార్న్‌వాలిస్ చిత్తూరు వైపు నుంచి మొగిలి కనుమ ఎక్కి 1791 మార్చి 21న బెంగళూరు కోట పట్టాడు. మే నెలలో శ్రీరంగపట్నం దాకా వెళ్లాడు, అరకెరె దగ్గర యుద్ధంలో గెలిచాడు కూడా. అయినా తిరుగుముఖం పట్టాడు. కారణం ఆకలి. టిప్పు తన సొంత రాజ్యంలోనే దారి పొడవునా ఊళ్లను, మేతను కాల్పించాడు. తండ్రి నవాబు దేశంలో చేసినదాన్ని కొడుకు తన దేశంలోనే చేశాడు. వేల ఎడ్లు చచ్చాయి. ఫిరంగులు లాగే దిక్కులేక కార్న్‌వాలిస్ వాటిని పగలగొట్టించాడు. సిపాయిలు సగం కడుపుతో వర్షంలో వెనక్కి నడిచారు. దారిలో మరాఠా సైన్యం ఎదురుపడి, వాళ్ల వెంట ఉన్న బజారులో ధాన్యం దొరికితే గానీ ప్రాణం లేచిరాలేదు. మరాఠాలు దాన్ని ఉచితంగా ఇవ్వలేదు, దండిగా ధర పెట్టి అమ్మారు.

అప్పుడు కార్న్‌వాలిస్ చూపు మన వైపు పడింది. సముద్రతీరం నుంచి బెంగళూరుకు ధాన్యం రావాలంటే బారామహల్ మీదుగా పాలకోడు కనుమ ఎక్కాలి. దానికి తాళాలు రాయకోట, హోసూరు. 1791 జూలైలో ఈ రెండూ కంపెనీ చేతికి వచ్చాయి. హోసూరు కోటను టిప్పు దళం వదిలేసి వెళ్లింది. వెళ్లేముందు లోపల బందీలుగా ఉన్న తెల్లవాళ్లను చంపింది. నవంబరులో కృష్ణగిరి పేట కూడా కంపెనీ వశమైంది, పై కోట మాత్రం ఎప్పటిలాగే లొంగలేదు. మన మూడు కోటలూ చరిత్రలోకి ఎక్కింది ధాన్యం బండ్ల దారి కోసం. రామనాయకన్ చెరువు పక్కన నిలబడి హోసూరు పాత కోట గురించి పిల్లలకు చెప్పేవాళ్లు ఈ మాట కూడా చెప్తే బాగుంటుంది.

వానలు కూడా ముఖం చాటేసిన కాలం అది. ఉత్తరాన సర్కారు జిల్లాల నుంచి హైదరాబాదు రాజ్యం దాకా 1789 నుంచి 1792 మధ్య వచ్చిన కరువునే పుర్రెల కరువు అంటారు, పూడ్చేవాళ్లు లేక దారుల పక్కన పుర్రెలు మిగిలాయని. వాన తెచ్చిన కరువు ఆ పక్కన, సైన్యం తెచ్చిన కరువు ఈ పక్కన. తెలుగువాడు ఎటు పోయినా ఏదో ఒకటి ఎదురైన సంవత్సరాలు అవి.

1792 మార్చిలో శ్రీరంగపట్నం సంధి జరిగింది. టిప్పు సగం రాజ్యం ఇచ్చాడు, 3 కోట్ల 30 లక్షల రూపాయలు జరిమానాగా ఒప్పుకున్నాడు. బారామహల్, సేలం కంపెనీకి వచ్చాయి. హోసూరు మాత్రం మైసూరులోనే ఉండిపోయింది. అంటే కృష్ణగిరి ఒక రాజ్యం, హోసూరు ఇంకో రాజ్యం. ఈరోజు అత్తిబెలె దగ్గర ఉన్న సరిహద్దు అప్పుడు మన మధ్యలోంచి పోయింది.

కొత్త సీమను చూడడానికి కార్న్‌వాలిస్ మద్రాసు సివిల్ దొరలను నమ్మలేదు. వాళ్లకు దేశభాషలు రావని, దుబాసీల చేతిలో కీలుబొమ్మలని తెలుసు. సైనికుడైన రీడ్‌నే అధికారిగా వేశాడు. కింద ముగ్గురు సహాయకులు. ఉత్తరాన కృష్ణగిరిలో గ్రాహం, దక్షిణాన సేలంలో మెక్లియాడ్, మధ్యలో ధర్మపురిలో మన్రో. ఏడేళ్లు ఆయన గుడారాల్లో తిరిగాడు, ధర్మపురిలో ఒక తోట వేసుకున్నాడు. ఆ తోటను వదిలి వెళ్లేటప్పుడు ఎంత బాధపడ్డాడో ఇంటికి రాసిన ఉత్తరాల్లో ఉంది. ఆ తర్వాత గవర్నరు అయినా ఆ తోటను మరిచిపోలేదు.

ఈ నలుగురికీ ఎదురైన దేశం ఎలా ఉంది? పాతికేళ్లలో నాలుగైదు సైన్యాలు తొక్కిన నేల అది. రాగి, సామ, కొర్ర, ఉలవ, అనుములు పండే మెట్ట. రాగికి ఒక గుణం ఉంది, పాతరలో వేస్తే ఏళ్ల తరబడి పురుగు పట్టదు. మన పెద్దలు కరువును దాటింది పాతర మీద భరోసాతో. సైన్యం ఆ భరోసానే తవ్వి తీసుకుపోతుంది. ఒక ఏడు పంట పోతే రైతు తట్టుకుంటాడు. పాతర, ఎద్దు, విత్తనం మూడూ ఒకేసారి పోతే మాత్రం లేచి నిలబడడు, ఊరు వదిలి పోతాడు. అందుకే కొత్త అధికారులు చేసిన మొదటి పని పోయినవాళ్లను తిరిగి పిలవడం, ఎద్దుకు, విత్తనానికి తక్కావి అప్పు ఇవ్వడం.

ఆ తర్వాత పొలాలు కొలిచారు. రీడ్ హయాంలో గొలుసులు పట్టుకుని ఊరూరా చేసిన ఆ కొలత 1797 నాటికి ముగిసింది. ఈ చేను ఎవరిది, ఎంత, ఏ నేల, ఎంత పన్ను అని ఒక్కొక్క రైతు పేరు మీద రాశారు. మధ్యలో గుత్తేదారు లేడు, పాళెగాడు లేడు, రైతూ సర్కారూ ఎదురెదురు. రైత్వారీ అని తర్వాత దేశమంతా పేరుపడిన పద్ధతి పుట్టింది ఇక్కడే. పేరు మన్రోకి వచ్చింది గానీ మొదటి ఆలోచన రీడ్‌ది. 1796 డిసెంబరులో రీడ్ ఒక ప్రకటన చేశాడు. రైతు తన పన్ను కట్టినంతకాలం పొలం అతనిదే, వద్దనుకుంటే ఏటా వదులుకోవచ్చు, బాగుచేసుకున్నదానికి పన్ను పెంచరు అన్నది దాని సారం. యుద్ధం కన్నా ఇది ఎంతో మేలని మన ముత్తాతలు అనుకుని ఉంటారు. అనుకోవడంలో తప్పు లేదు.

చిక్కు పన్ను ఎంత అన్నదగ్గర వచ్చింది. టిప్పు అధికారులు యుద్ధం ఖర్చు కోసం పిండినదాన్ని పక్కన పెట్టుకుని కంపెనీ తన లెక్క వేసుకుంది. ఈ పన్ను ఎక్కువని, తగ్గించకపోతే రైతు చేతిలో ఏమీ మిగలదని మన్రో బారామహల్‌లోనే రాయడం మొదలుపెట్టాడు. పాతర నిండితేనే రైతు కరువుకు నిలబడతాడు. పన్ను పాతరకు చేరాల్సిన గింజను కళ్లంలోనే తీసుకుపోతే అది సైన్యం తవ్వినట్టే. మన్రో ఈ మాటలతో చెప్పలేదు, ఇది మా మాట. కానీ ఆయన వేసిన లెక్కల అర్థం ఇదేనని మా నమ్మకం.

ఆయనను సాధువును చేయాలని మాకు లేదు. టిప్పును సగంలో వదిలేశాడని కార్న్‌వాలిస్‌ను తప్పుబట్టినవాడు మన్రో. మైసూరును పూర్తిగా కూల్చాలన్నది ఆయన పంతం. 1799లో ఆ అవకాశం వచ్చింది. జనరల్ హారిస్ సైన్యం శ్రీరంగపట్నం ముందు దిగి ఏప్రిల్ నడుమ బియ్యం లెక్క చూసుకుంటే సగం భత్యంతో కూడా మూడు వారాలకు సరిపడా లేదు. 1791 కథ మళ్లీ జరిగేలా ఉంది. ఆ సమయానికి రీడ్, వెంట మన్రో, మన బారామహల్‌లో ధాన్యం, పశువులు పోగుచేసి కావేరీపురం కనుమ దగ్గర దళంతో ఉన్నారు. వాళ్లను తీసుకురావడానికి గుర్రపుదళాన్ని పంపారు. కానీ ధాన్యం చేరకముందే, ఇక ఆగితే ఆకలితో చస్తామని తెలిసి హారిస్ మే 4న కోట మీదికి దూకాడు. టిప్పు ఆ రోజే చనిపోయాడు. మైసూరు గుమ్మం ముందుకు చేరిన ఆ ఎడ్ల మీద ఉన్నది కృష్ణగిరి, ధర్మపురి రైతుల గింజలు.

ఆ సంధిలో హోసూరు, డెంకణికోట సీమ కూడా కంపెనీకి వచ్చి బారామహల్‌తో కలిసింది. మన రెండు ఊళ్లు మళ్లీ ఒకే కచేరీ కిందికి వచ్చాయి. మైసూరు ఏర్పాట్ల సంఘానికి జాన్ మాల్కంతో పాటు కార్యదర్శిగా పనిచేసి, మన్రో ఇష్టం లేకుండానే కన్నడ తీరానికి వెళ్లాడు. 1800 చివర్లో నిజాం ఇచ్చిన దత్తమండలాలకు పెద్ద కలెక్టరుగా వచ్చాడు. ఆ సీమకే 1928లో రాయలసీమ అని పేరు పెట్టారు.

అక్కడ చేసినదంతా చెప్పాలంటే ఇంకో వ్యాసం కావాలి. మన విషయానికి సంబంధించినవి రెండే చెప్తాం. ఒకటి పాళెగాళ్ల సంగతి. సుమారు 80 మంది పాళెగాళ్లు కోటలు, బంట్లు పెట్టుకుని ఉన్నారు. మన్రో యుద్ధం కన్నా ముందు పేష్కష్‌ను వాళ్ల రాబడి అంచుల దాకా పెంచాడు. బంటుకు తిండి పెట్టే స్తోమత లేకపోతే తిరుగుబాటు చేసే స్తోమతా ఉండదన్నది ఆయన లెక్క. కట్టలేకపోయినవాళ్లను, ఎదురుతిరిగినవాళ్లను తరిమాడు, కొందరికి పింఛను ఇచ్చి కూర్చోబెట్టాడు. ఇది మరీ కఠినమని లండన్‌లోని కంపెనీ డైరెక్టర్లే ఆయనను మందలించారు. ఆయన తగ్గలేదు, చేసింది సరైనదేనని వాదించాడు. ఆ పింఛన్ల తగాదాలోంచే 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటు పుట్టింది. మన దగ్గర మాత్రం బాగలూరు, శూలగిరి, బేరికె పాళెగాళ్ల కుటుంబాలు జమీందారులుగా మిగిలాయి. ఆ తేడా మన ఊళ్ల పెద్దరికాల్లో చాలాకాలం కనిపించింది.

రెండోది రైతు పన్ను. ఒక రైతు కట్టలేక పారిపోతే అతని బాకీలో కొంత ఊళ్లోని మిగతా రైతుల మీద వేసే ఏర్పాటు మన్రో పద్ధతిలో ఉండేది, వాళ్ల పన్నులో పదో వంతు దాటకుండా. కరువు ఏట ఒక్కడు పడితే పక్కవాడు కూడా ఒంగేవాడు. అదే మన్రో 1807లో సెలవు మీద వెళ్లేముందు, సర్కారు మొత్తం పంటలో దాదాపు 45 శాతం తీసుకుంటోందని, దాన్ని మూడో వంతుకు దించాలని, అంటే పన్ను నాలుగో వంతు తగ్గించాలని రాశాడు. పైవాళ్లు ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోగా రైత్వారీనే తీసేసి ఊళ్లను గుత్తకిచ్చారు. మన సేలం సీమలో అంతకు ముందే పొలాలను మిట్టాలుగా కట్టి వేలం వేశారు. రీడ్ ఇచ్చిన మాట పట్టుమని పదేళ్లు నిలబడలేదు.

1814లో పెళ్లి చేసుకుని తిరిగి వచ్చిన మన్రో, మరాఠా యుద్ధం ముగిశాక 1820లో మద్రాసు గవర్నరు అయ్యాడు. 13 ఏళ్ల కిందట తాను అడిగిన తగ్గింపును దత్తమండలాల్లో తానే అమలు చేశాడు. 1822లో బడుల లెక్క తీయించాడు, మద్రాసు రాజధాని మొత్తంలో 12,498 బడులు తేలాయి. పిల్లలకు సొంత భాషలో చదువు చెప్పే బడులు తాలూకాకొకటి పెట్టాలన్నది ఆయన పథకం. మన తెలుగు బడుల కోసం ఇప్పుడు మనం ఎక్కే కార్యాలయాల మెట్లు గుర్తొచ్చి ఈ మాట రాయకుండా ఉండలేకపోయాం.

1827లో పదవి దిగిపోయే ముందు దత్తమండలాలను చివరిసారి చూడాలని బయలుదేరాడు. భార్య అంతకు ముందు ఏడాదే జబ్బుపడిన చిన్న కొడుకుతో ఇంగ్లండు వెళ్లిపోయింది. దారిలో మజిలీలో కలరా సోకింది. జూలై 6న పత్తికొండలో పొద్దున జబ్బుపడి రాత్రికి చనిపోయాడు. గుత్తిలో పూడ్చి, 1831లో అస్థికలను మద్రాసు కోటలోని చర్చికి తెచ్చారు. గుత్తిలో ఆయన పేర సత్రం కట్టారు, పత్తికొండలో మెట్ల బావి తవ్వి తోపు వేశారు. మద్రాసు మౌంట్ రోడ్డు మీద రికాబులు లేని గుర్రం మీద ఆయన విగ్రహం ఇప్పటికీ ఉంది.

ఆయన పోయాక యంత్రం మిగిలింది. తాసిల్దారు, శిస్తు, కిస్తీ, ఊరి లెక్కలు అన్నీ ఆయన కాలంలో స్థిరపడ్డవే. పన్ను రాబట్టడానికి రైతులను ఎండలో వంచి నిలబెట్టడం, వేళ్లు నలపడం లాంటి చిత్రహింసలు మద్రాసు రాజధాని అంతటా జరిగేవని సర్కారు వేసిన విచారణ సంఘమే 1855లో ఒప్పుకుంది. తర్వాత 1876లో పెద్ద కరువు, ధాత కరువు వచ్చింది. రైల్వే ఉంది, ధాన్యం మద్రాసు రేవులో కుప్పలుగా ఉంది, కొనే డబ్బు పల్లెలో లేదు. కలకత్తా నుంచి వచ్చిన రిచర్డ్ టెంపుల్ 1877 జనవరిలో కరువు పనుల కూలిని రోజుకు ఒక పౌండు ధాన్యానికీ, కొద్ది చిల్లరకూ దించాడు. పని మాత్రం రాళ్లు కొట్టడం, మట్టి మోయడం. ఆ తిండితో ఆ పని చేస్తే మనిషి నిలబడడని మద్రాసు ఆరోగ్య కమిషనర్ కార్నిష్ పోట్లాడాడు. కొన్ని నెలలకు కూలి మళ్లీ పెంచారు, అప్పటికి చాలా ఆలస్యమైంది. హోసూరు, కృష్ణగిరి కూడా ఉన్న అప్పటి సేలం జిల్లాలో 1871 లెక్కల ప్రకారం సుమారు 19 లక్షల 67 వేల జనం. 1881లో సుమారు 16 లక్షలు. పదేళ్లలో పెరగాల్సిన జనం పోగా, ఉన్నవాళ్లలోనే దాదాపు ఐదో వంతు తగ్గారు. రాజాజీ హోసూరు పక్కన తొరపల్లిలో పుట్టింది ఆ కరువు తగ్గుముఖం పట్టిన 1878 డిసెంబరులోనే.

రీడ్, మన్రో, గ్రాహం, మెక్లియాడ్ రాసిన కాగితాలను 20వ శతాబ్దంలో మద్రాసు ప్రభుత్వం బారామహల్ రికార్డులు అన్న పేరుతో సంపుటాలుగా అచ్చు వేసింది. మన నేల, మన కులాలు, మన పంటలు, మన పన్నులు, ఒక్కొక్కదానికి ఒక్కొక్క భాగం ఉంది. అన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి. కృష్ణగిరి, రాయకోట, కావేరిపట్నం వైపు ఊళ్లకు సంబంధించిన పేజీలనైనా తెలుగులోకి తెచ్చే ఓపిక ఉన్న ఉపాధ్యాయులు, విశ్రాంత ఉద్యోగులు మనలో ఉన్నారు. ముందు పంటలు, ధరల భాగంతో మొదలుపెడితే మంచిదని మా సలహా.